చెవులపిల్లికి .22 ఎట్ల సరిపోతది? చిన్న బోరు రైఫిల్ ముచ్చట

హన్మకొండ_పోరడు
టెక్సస్‌లో ఉంటున్న మా బావ అక్కడ వేట లైసెన్సు తీసుకున్నడు. చెవులపిల్లులకు, ఉడుతలకు .22 రైఫిల్ (గొట్టం రంధ్రం 0.22 అంగుళం) కొంటడట. నాకు సమజ్ కానిది ఒక్కటే. తూటా చూస్తే చిటికెన వేలి గోరంత లేదు. పన్నెండు బోరు షాట్‌గన్‌తోని కొడితే ఛర్రాలు (చిన్న సీసం గింజలు) పరుచుకుంటయి, గురి కొంచెం అటీటయినా తగుల్తది. అసొంటిది వదిలిపెట్టి ఈ చిన్నదాని మీద అక్కడోళ్లకు గంత మోజు ఎందుకు? ధర ఒక్కటేనా, ఇంకేమన్న ఉన్నదా? తెలిసినోళ్లు లెక్కలతోని చెప్పుర్రి.

రిమ్‌ఫైర్_కాకా
ధర సగం సంగతి తమ్మీ. అసలుది మాంసం. పన్నెండు బోరులో ఒక ఔన్సు ఆరో నంబరు ఛర్రా అంటే 225 దాకా గింజలు. చెవులపిల్లికి అందులో ఆరేడు తగిలినయనుకో. తొడలో రెండు, వీపులో మూడు, కడుపులో ఒకటి. గింజతోపాటు వెంట్రుకలు లోపలికి పోతయి, కడుపుల తగిలినది పేగు చింపి మాంసమంతా పాడు చేస్తది. తినేటప్పుడు పంటి కింద సీసం. .22 అయితే తలకు ఒక్క తూటా, ఒక్క రంధ్రం. మెడ నుంచి తోక దాకా మాంసానికి గీత కూడా పడదు.

తూటా చిన్నగ ఉన్నదని బలం లేదనుకోకు. .22 లాంగ్ రైఫిల్ 1887 నుంచి ఉన్నది. మామూలు గుండు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. స్టాండర్డ్ రకం సెకనుకు 1070 అడుగుల పైచిలుకు పోతది, హై వెలాసిటీ రకం 1250 దాకా. శక్తి లెక్క కడితే స్టాండర్డ్‌కు దగ్గర దగ్గర 140 జౌళ్లు, హై వెలాసిటీకి 190. రెండు కిలోలు కూడా లేని జంతువు తలకు ఇది అవసరం కన్నా ఎక్కువనే.

జగిత్యాల_పసుపు
కాకా, కూసున్న దానికి మీ మాట ఒప్పుకుంట. కానీ పొదల నుంచి లేచి ఉరికే చెవులపిల్లిని రైఫిల్‌తోని ఎవరు కొడ్తరు? అక్కడ ఛర్రానే.

రిమ్‌ఫైర్_కాకా
@జగిత్యాల_పసుపు నిజమే, కాదనను. ఉరికేదానికి 30, 35 గజాల లోపల పన్నెండు బోరే. రైఫిల్ పట్టుకున్నోడు ఉరికేదాన్ని కొట్టొద్దు, ఆగేదాక చూడాలె. అసలు రైఫిల్ పట్టిన మనిషి నడకే వేరు. ఇరవై అడుగులు నడిచి రెండు నిమిషాలు నిలబడి చూస్తడు. చెవుల అంచు, కంటి మెరుపు, పొద కింద గుండ్రటి వీపు, ఇవి ఏరుకోవాలె. ఆ కన్ను పడ్డోడు మళ్ల ఛర్రా దిక్కు పోడు.

కాజీపేట_జంక్షన్
తూకం సంగతి కూడా చెప్పుర్రి. 50 రౌండ్ల .22 డబ్బా 170 గ్రాముల లోపు ఉంటది. పన్నెండు బోరు తూటాలు నాలుగు పెడితే అదే బరువు. పొద్దంతా జేబులో పెట్టుకొని తిరిగినా తెల్వదు.

డాలస్_ఓరుగల్లు
@హన్మకొండ_పోరడు మీ బావ ఏ వీసా మీద ఉన్నడో ముందు అది అడుగు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నోళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవద్దు. మినహాయింపు ఉన్నది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే పెట్టుకోవచ్చు. ఆ లైసెన్సు గడువు అయిపోయిన రోజు రైఫిల్ ఇంట్లో ఉంటే అదే నేరం. మనోళ్లు చానామంది ఒకసారి లైసెన్సు చూపిచ్చి కొంటరు, మరుసటి ఏడు రెన్యువల్ మరుస్తరు. రైఫిల్ ఉన్నన్ని రోజులు లైసెన్సు నడుస్తుండాలె. గ్రీన్ కార్డు ఉంటే ఈ బాధ లేదు.

ఇంకో రెండు. టెక్సస్‌లో కుందేళ్లకు సీజన్ లేదు, ఏడాదంతా కొట్టొచ్చు, కానీ వేట లైసెన్సు ఉండాలె, స్థలం యజమాని ఒప్పుకోవాలె. ఉడుతలకు మాత్రం కౌంటీని బట్టి సీజన్, రోజువారీ పరిమితి ఉంటయి. గువ్వలను .22తోని అసలు ముట్టుకోవద్దు. వలస పక్షులను రైఫిల్‌తోని కొట్టుడు ఫెడరల్ నేరం, వాటికి షాట్‌గన్ ఒక్కటే.

హన్మకొండ_పోరడు
హెచ్1బీనే అన్నా. లైసెన్సు గడువు సంగతి ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్త.

మంచిర్యాల_మంచె
.22 కన్నా .17 హెచ్‌ఎంఆర్ తూటా మేలు కదా? 2002లో వచ్చింది, 17 గ్రెయిన్ల గుండు సెకనుకు 2550 అడుగులు పోతది. 100 గజాల దాకా గీత గీసినట్టు తిన్నగ. పైకి కిందికి లెక్క పెట్టే పనే ఉండదు.

రిమ్‌ఫైర్_కాకా
తినేటందుకు కాదు తమ్మీ. ఆ వేగానికి పలుచటి గుండు తగిలిన కాడనే పగిలిపోతది. ఉడుతకు భుజంలో తగిలితే ముందు సగం మిగల్దు. తలకు కొడ్త అంటవా, అప్పుడు .22 కూడా అదే పని చేస్తది, మూడో వంతు ఖర్చులో. .17 పంట పాడుచేసే వాటికి, దూరం షాట్లకు. .22 మ్యాగ్నమ్ కూడా అంతే. 1959 నాటిది, 40 గ్రెయిన్లు 1900 అడుగుల దగ్గర. నక్క సైజుకు సరి, ఉడుతకు ఎక్కువ.

డాలస్_ఓరుగల్లు
పైగా .17 పేలితే పిడుగు పడ్డట్టు ఉంటది. చుట్టుపక్కల నాలుగు చెట్ల మీద ఉడుతలన్నీ అరగంట దాక గూటి నుంచి తల బయట పెట్టయి. .22 స్టాండర్డ్ తూటా ధ్వని వేగం దాటదు కాబట్టి ఆ చిటుక్కు మనే శబ్దం ఉండదు. ఒకటి కొట్టినంక కదలకుండ పది నిమిషాలు కూసుంటే రెండోది అదే చెట్టు దిగుతది.

ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్
ఒక డౌటు. మా కాలేజీల చేతులు మారిన ఎన్‌సీసీ నోట్సులో .22 రైఫిల్ మజిల్ వెలాసిటీ (గుండు గొట్టం దాటేటప్పటి వేగం) సెకనుకు 2700 అడుగులు అని ఉన్నది. కాకా 1070 అంటున్నరు. ఏది నిజం?

రిమ్‌ఫైర్_కాకా
@ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్ 2700 తప్పు బిడ్డా. పెద్ద రైఫిల్ .303కే 2440 చిల్లర. చిటికెడు మందు పట్టే .22 కేసు 40 గ్రెయిన్ల గుండును 2700తోని తోయాలంటే ఇప్పుడున్న శక్తికి ఆరు రెట్లు పైనే కావాలె, ఇత్తడి కేసు ఆ ఒత్తిడికి అంచు కాడ చిరుగుతది. ఎవరో ఎప్పుడో తప్పు రాసిండ్రు, అందరు అదే దించుకుంటున్నరు. పరీక్షలో ఏమడిగితే అది రాయి, రేంజ్‌ల మాత్రం 1070 గుర్తుపెట్టుకో.

ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్
థాంక్యూ కాకా. ఇంకోటి. మా ఫైరింగ్ రోజు ప్రతి 5 రౌండ్లల ఒకటి పేలలేదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊకుంటది. అది రైఫిల్ తప్పా, తూటా తప్పా?

బోల్ట్_అండ్_బ్యారెల్
ఇది నేను చెప్త. పెద్ద తూటాకు ప్రైమర్ (పిన్ దెబ్బకు అంటుకునే మందు) నడిమధ్యల బిళ్ళలాగ ఉంటది. .22కు అట్లుండదు, అడుగు అంచు మడతలోనే మందు ఉంటది. తయారీలో తడి మందును కేసులో వేసి గిర్రున తిప్పుతరు, అది అంచు చుట్టూ పాకుతది. ఒక దగ్గర పాకలేదనుకో, పిన్ సరిగ్గ అక్కడనే కొడితే పేలదు. అందుకే రిమ్‌ఫైర్‌లో (అంచు మీద కొడితే పేలే తూటాలల్ల) పేలనివి పెద్ద తూటాల కన్నా ఎక్కువ.

పేలకపోతే గొట్టం టార్గెట్ దిక్కే ఉంచి 30 సెకండ్లు లెక్కపెట్టు. ఆలస్యంగ పేలేవి ఉంటయి. తర్వాత మొఖం పక్కకు పెట్టి బోల్ట్ (గొట్టం వెనక మూసే కడ్డీ) తెరువు. తూటా తీసి అంచు మీద పిన్ అచ్చు చూడు. లోతుగ, స్పష్టంగ ఉన్నదా, తప్పు తూటాది. సగం చుట్టు తిప్పి మళ్ల పెట్టి ఒక్కసారి కొట్టు, చానాసార్లు పేల్తది. రెండోసారి కూడా పేలకపోతే దాన్ని పేలని తూటాల డబ్బాల వెయ్యి, జేబుల వేసుకోవద్దు.

అచ్చు నిస్సారంగ, గోరు గీరినట్టు ఉన్నదా, అప్పుడు రైఫిల్ దిక్కు చూడు. ఎక్కువసార్లు జరిగేది ఏందంటే చాంబర్‌ల (గొట్టంల తూటా కూసునే చోట) మైనం, మసి కలిసి గట్టి ఉంగరంలాగ పేరుకుంటది. తూటా చివరి దాకా కూసోదు, ఒక వెంట్రుక మందం బయటనే ఆగుతది. పిన్ కొట్టిన దెబ్బ తూటాను లోపలికి నెట్టుటానికే ఖర్చయిపోతది, అంచు నలగదు. వేలితోని తూటా లోపలికి నెట్టి చూడు. చివర్ల బిగుతు తగిలితే ఇదే రోగం. నైలాన్ బ్రష్, సాల్వెంట్, పది నిమిషాల పని. ఒక్క ఎన్‌సీసీ కంపెనీ రైఫిళ్లంతా ఒకే రోజు శుభ్రం చేయక మూలకు పెడితే అన్నిటికీ ఇదే రోగం వస్తది.

ఎన్‌సీసీ_సీ_సర్టిఫికెట్
అచ్చు నిస్సారంగనే ఉండె సార్. అంటే చాంబరే.

బోల్ట్_అండ్_బ్యారెల్
చాంబర్ అయినంక బోల్ట్‌ల పిన్ నడిచే సందు కూడా చూడాలె. చిక్కటి నూనె పోసి పెడ్తరు, చలికాలం అది జిడ్డయి పిన్‌ను పట్టుకుంటది. మీ ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పు, నువ్వు విప్పకు.

ఇంకో జాగ్రత్త. పేలినప్పుడు శబ్దం పేలవంగ, పుస్సుమని వస్తే అక్కడనే ఆగు. గుండు గొట్టంల ఇరుక్కొని ఉండొచ్చు. బోల్ట్ తీసి వెనక నుంచి వెలుతురు చూడకుండ రెండో రౌండ్ కొడితే గొట్టం ఉబ్బుతది.

పెల్లెట్_రామప్ప
ఇవన్నీ అమెరికా ముచ్చట్లు. మనకు దొరికేది ఎయిర్ గన్. .177 బోరు, 20 జౌళ్ల లోపు అయితే ఆయుధ లైసెన్సు అక్కరలేదు, ఆధార్ చూపిస్తే ఇస్తరు. దానితోని చెవులపిల్లిని కొట్టొచ్చు కదా?

నిబంధనల_పుస్తకం
@పెల్లెట్_రామప్ప కొట్టొద్దు. ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేకపోవడం వేరు, జంతువును కొట్టడం వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో సెక్షన్ 2(16) వేట అంటే ఏమిటో చెబుతుంది. చంపడమే కాదు, ప్రయత్నించడం, గాయపరచడం, ఉచ్చు పెట్టడం, పక్షి గూడు చెదరగొట్టడం కూడా వేటే. ఏ ఆయుధంతో అన్న ప్రశ్న అందులో లేదు. గులేరు, ఉచ్చు, ఎయిర్ గన్, భర్మార్ తుపాకీ (మూతి నుంచి మందు కూరే నాటు తుపాకీ) అన్నీ ఒకటే. సెక్షన్ 9 కింద షెడ్యూల్ జంతువుల (చట్టం చివరి జాబితాల్లో ఉన్నవాటి) వేట నిషేధం. మన చెవులపిల్లి, కముజు, అడవికోడి షెడ్యూళ్లలో ఉన్నాయి. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి లాంటి షెడ్యూల్ 1 జీవి అయితే మూడు నుంచి ఏడేళ్లు. వాడిన ఆయుధం, బండి ప్రభుత్వానికి పోతాయి.

పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ లాంటి అభయారణ్యం లోపలే నిషేధం అనుకునేవాళ్లు చాలామంది. కాదు. మీ పొలం గట్టు మీద కూడా అంతే.

పెల్లెట్_రామప్ప
అయితే పెసర చేను మేసే వాటిని ఏం చేయాలె? చూస్తూ ఊకోవాలెనా?

ములుగు_ఇప్పపువ్వు
నాది కూడా అదే ప్రశ్న. మా దిక్కు చెవులపిల్లి కన్నా అడవి పందులు ఎక్కువ. .22 లైసెన్సు తీసుకుంటే పందికి సరిపోతదా?

రిమ్‌ఫైర్_కాకా
పందికి .22 ఆలోచనే పెట్టుకోవద్దు. పుర్రె ఎముక మందం, భుజం మీద దళసరి తోలు. గుండు లోపలికి పోయి ఆగుతది, పంది పడదు, గాయంతోని చెరుకు తోటల దూరుతది. అది వారం రోజులు కుళ్లి చస్తది, లేకపోతే తెల్లారి ఆ చేన్ల పనికి పోయిన మనిషి మీద పడ్తది. చిన్న బోరు చిన్న జంతువుకే. ఈ గీత దాటినోడు వేటగాడు కాదు.

నిబంధనల_పుస్తకం
@ములుగు_ఇప్పపువ్వు పంట నాశనం చేసే జంతువుకు సెక్షన్ 11 ఉంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా, కారణాలు చూపి అనుమతి ఇవ్వాలి. ఎవరు కొట్టాలో కూడా ఆ ఉత్తర్వులోనే ఉంటుంది. మీరు చేయాల్సింది పంట నష్టం ఫొటోలు, సర్వే నంబరు, అడుగుల గుర్తులతో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు. అనుమతి చేతికి రాకముందు ట్రిగ్గర్ ముట్టుకోవద్దు.

కరెంటు తీగ మాత్రం వద్దు. ఎల్‌టీ లైను (ఊళ్లోకి వచ్చే మామూలు కరెంటు లైను) నుంచి కొక్కెం వేసి లాగిన తీగ మనుషులను చంపుతుంది. సోలార్ కంచె వేరు. అది ఎనర్జైజర్ నుంచి సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేలోపు అయిపోయే షాక్ ఇస్తుంది. జంతువు వెనక్కి దూకుతుంది, చావదు.

ములుగు_ఇప్పపువ్వు
దరఖాస్తు సంగతి తెల్వదు సార్. సోమవారం పోత.

జగిత్యాల_పసుపు
మళ్ల రైఫిల్ దిక్కు రండ్రి. బావకు ఏ రైఫిల్ కొనాలెనో ఇంకా ఎవరూ చెప్పలే.

డాలస్_ఓరుగల్లు
మొదటిదానికి బోల్ట్ యాక్షన్ (ప్రతి రౌండ్‌కు చేత్తోని బోల్ట్ నడిపేది). సెమీ ఆటోల్ల (కొట్టినంక దానంతట అదే తర్వాతి తూటా ఎక్కించుకునేవాటిల) రూగర్ 10/22 పేరున్నది, 1964 నుంచి వస్తున్నది, పది రౌండ్ల గుండ్రటి మ్యాగజీన్. కానీ సెమీ ఆటో ఉంటే కొత్తోడు ఒకటి తప్పితే రెండోది, మూడోది కొట్టుకుంట పోతడు. బోల్ట్ ఉంటే ప్రతి రౌండ్‌కు చెయ్యి తీసి, మళ్ల పెట్టి, మళ్ల గురి చూడాలె. ఆ ఆలస్యమే గురి నేర్పుతది. పైగా తక్కువ వేగం తూటాలు సెమీ ఆటోల కేసును బయటికి విసరలేవు, అడ్డం ఇరుక్కుంటది. బోల్ట్‌కు ఏ తూటా అయినా ఒకటే.

స్కోప్ (గురి చూసే దుర్బిణి) కొనేటప్పుడు డబ్బా మీద రిమ్‌ఫైర్ అని ఉన్నదా చూడమను. పెద్ద రైఫిల్ స్కోప్‌లకు ప్యారలాక్స్ (కన్ను జరిగినా గురి గీత జరగని దూరం) 100 గజాలకో, 150కో పెడ్తరు. రిమ్‌ఫైర్‌ది 50 గజాలకు. తప్పు స్కోప్ పెడితే కన్ను కొంచెం జరిగితే చాలు, క్రాస్ గీత ఉడుత తల మీద నుంచి చెవి మీదకు జరుగుతది. మనిషి తన చెయ్యి వణికిందనుకుంటడు.

హన్మకొండ_పోరడు
జీరో (గురి గీత, తూటా ఒక్క చోట కలిసే దూరం) ఎన్ని గజాలకు పెట్టాలె?

రిమ్‌ఫైర్_కాకా
50 గజాలు. కారణం చెప్త, రాసి పెట్టుకో. స్కోప్ గొట్టం మీద ఒకటిన్నర అంగుళం ఎత్తున ఉంటదనుకో. హై వెలాసిటీ తూటా 50కు జీరో పెడితే:

10 గజాలకు ముప్పావు అంగుళం కింద పడ్తది
25 గజాలకు దాదాపు గీత మీదనే
75కు రెండు అంగుళాలు కింద
100కు ఆరున్నర అంగుళాలు కింద

స్టాండర్డ్ తూటా అయితే 75కు రెండున్నర, 100కు ఎనిమిది దాకా.

దీన్ల అందరు పట్టించుకోనిది 10 గజాల లెక్క. ఉడుత నెత్తి మీదనే, చెట్టు మొదట్ల ఉంటది. ఇంత దగ్గర తప్పుతదా అనుకొని కన్ను మీద గీత పెడితే తూటా గదుమ కింద నుంచి పోతది. దగ్గర షాట్‌కు కొంచెం పైకి పట్టాలె. స్కోప్ కళ్లు మన కళ్లు, గొట్టం వేరే దారిలో పోతది.

మంచిర్యాల_మంచె
గాలి లెక్క?

రిమ్‌ఫైర్_కాకా
గంటకు పది మైళ్ల అడ్డగాలికి 100 గజాల దగ్గర హై వెలాసిటీ ఐదు అంగుళాల పైన జరుగుతది. స్టాండర్డ్ నాలుగు అంగుళాల దగ్గరే. వినేటందుకు ఉల్టాగ ఉంటది, వేగంగ పోయేదే ఎక్కువ జరుగుతది.

మంచిర్యాల_మంచె
అది ఎట్లయితది కాకా? తొందరగ పోతే గాలికి టైమ్ తక్కువ దొరకాలె కదా.

బోల్ట్_అండ్_బ్యారెల్
గాలి తోసే జరుగుడు మొత్తం ప్రయాణ సమయం మీద ఉండదు. గాలి నిరోధం లేకుంటే పట్టే టైముకు, నిజంగ పట్టిన టైముకు మధ్య తేడా మీద ఉంటది. ధ్వని వేగం దాటిన గుండుకు ముందట అల పుడుతది, నిరోధం ఒక్కసారి పెరుగుతది, మొదటి 50 గజాలల్లనే వేగం పడిపోతది. ఆ పోగొట్టుకున్న వేగమే పక్కకు జరుగుడు అయితది. 1070తోని బయల్దేరింది ధ్వని వేగం కిందనే ఉంటది, తక్కువ పోగొట్టుకుంటది. అందుకే ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్‌ల అందరు ధ్వని వేగం దాటని తూటాలే వాడ్తరు. 2024 పారిస్‌ల స్వప్నిల్ కుసాలే మూడు పొజిషన్ల పోటీల కాంస్యం తెచ్చింది ఈ .22తోనే. ఆ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు.

ఇంకొక మాట, ధ్వని వేగం ఎండను బట్టి మారుతది. 15 డిగ్రీలకు సెకనుకు 1116 అడుగులు, మన మే నెల 40 డిగ్రీలకు 1165 దాకా. చలికాలం చిటుక్కుమని పేలే 1130 అడుగుల తూటా ఎండాకాలం మెత్తగ పోతది.

కాజీపేట_జంక్షన్
ఈ గాలి లెక్క ఇన్ని ఏండ్ల సంది ఉల్టా అనుకుంటున్న. మస్తు చెప్పినవ్ అన్నా.

జగిత్యాల_పసుపు
తూటా రకం ఏది తీసుకోవాలె? హాలో పాయింటా (ముక్కుకు గుంత ఉన్నది), గుండ్రటి ముక్కా?

డాలస్_ఓరుగల్లు
తలకైతే రెండూ ఒకటే. ఒళ్ళుకైతే హాలో పాయింట్ ముక్కు తెరుచుకుంటది, తొందరగ చస్తది కానీ ఆ చుట్టు మాంసం నెత్తురు గడ్డ. గుండ్రటిది సక్కగ దూసుకపోతది, దెబ్బ సరైన చోట పడకపోతే జంతువు ఉరికి బొరియల చస్తది, దొరకదు. నా మాట అయితే తలకు గురి, హాలో పాయింట్. కొంచెం తప్పినా బాధ పెట్టదు.

బ్రాండ్ అడగొద్దు. .22 గొట్టానికి ఒక్కోదానికి ఒక్కో తూటా నచ్చుతది, పక్క పక్కన తయారైన రెండు రైఫిళ్లు కూడా వేర్వేరు అడుగుతయి. ఐదారు రకాలు ఒక్కో డబ్బా కొని, ఒక్కో రకం 50 గజాలకు ఐదు రౌండ్ల గ్రూపులు (ఒకే గురికి కొడితే పడ్డ రంధ్రాల గుంపు) ఐదు కొట్టమను. రకం మార్చినప్పుడు మొదటి పది, పదిహేను రౌండ్లు లెక్కలకు తీసుకోవద్దు. పాత తూటా మైనం గొట్టంల ఉంటది, కొత్తది పరుచుకునేదాక గ్రూపు తిరుగుతది. కాలిఫోర్నియాల ఉన్నోళ్లకు ఇంకోటి, అక్కడ 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలు నిషేధం. రాగివి వాడాలె, అవి తేలిక, జీరో మళ్ల పెట్టాలె.

రిమ్‌ఫైర్_కాకా
దూరం ఎంత దాక కొట్టొచ్చు అని బావ అడుగుతడు. గజాలల్ల చెప్పకు. ఐదుకు ఐదు రౌండ్లు రెండు రూపాయల బిళ్ళ మీద పడే దూరం ఎంతనో అంతే. బల్ల మీద పెట్టి కాదు, వేటల కూసునే తీరుగ మోకాలు మీద కూసొని. ఒకాయనకు 60 గజాలు, ఇంకొకాయనకు 25. బిళ్ళ దాటినకాడ మీ హద్దు.

వెనక ఏమున్నదో చూడకుండ కొట్టొద్దు. తూటా డబ్బా మీదనే రాసి ఉంటది, ఒకటిన్నర మైలు దాక పోతదని. కొమ్మ మీద ఉడుతకు ఆకాశం దిక్కు కొడితే ఆ గుండు ఏ ఊర్ల పడ్తదో తెల్వదు. చెట్టు మాను వెనక ఉండాలె, లేకపోతే దిగే దాక ఆగాలె. నీళ్ల మీద, బండ మీద, ఎండిన గట్టి నేల మీద చిన్న కోణంల తగిలితే .22 గుండు జారి లేస్తది. మెత్తటి సీసం, తక్కువ వేగం, పగల్దు, మొత్తానికి మొత్తం ఎగిరి పోతది. చెరువు కట్ట పక్కపొంట ఈ తుపాకీ ఎత్తుడే తప్పు.

డాలస్_ఓరుగల్లు
కుందేలు కోసేటప్పుడు రబ్బరు గ్లౌజులు. అక్కడి కుందేళ్లకు టులరేమియా అనే అంటురోగం ఉంటది, చేతి మీద చిన్న గీత నుంచి కూడా ఎక్కుతది. కార్జం మీద తెల్లటి చుక్కలు కనపడితే మొత్తం పారేయాలె. మంచిది కూడా ఎర్రదనం లేకుండ బాగ ఉడకాలె. మబ్బుగ పడుకొని ఉన్నది, మనిషిని చూసి కూడా ఉరకనిది, రోగం కుందేలు అనుకోవాలె.

పెల్లెట్_రామప్ప
వేట వద్దని సమజ్ అయింది. ఎయిర్ గన్ ఇంట్లనే ఉన్నది, స్ప్రింగ్ రకం. 20 గజాలకు గ్రూపు అరచేయంత వస్తున్నది. చెయ్యి వణకదు. ఏం తప్పు?

బోల్ట్_అండ్_బ్యారెల్
@పెల్లెట్_రామప్ప గట్టిగ పట్టుకుంటున్నవ్, పందెం కడ్త. స్ప్రింగ్ గన్‌ల ట్రిగ్గర్ నొక్కినంక ముందు పిస్టన్ ఉరుకుతది, గన్ వెనకకు తన్నుతది, పిస్టన్ ఆగంగనే మళ్ల ముందుకు తన్నుతది. ఇవన్నీ అయ్యేటప్పటికి పెల్లెట్ ఇంకా గొట్టంలనే. గట్టిగ పిసికితే ప్రతిసారి వేరే దిక్కు ఎగురుతది. ఎడమ అరచేయి తెరిచి, ముందటి కట్టెను దాని మీద పెట్టు, వేళ్లు ముడవకు. ప్రతిసారి అదే చోట, పెన్నుతోని గీత పెట్టుకో. భుజానికి కూడా తాకినట్టే ఉండాలె, నొక్కొద్దు. గన్‌ను దానంతట అది తన్నుకోనియ్.

రెండోది, కట్టెకు గొట్టాన్ని పట్టే స్క్రూలు. ప్రతి డబ్బా పెల్లెట్లకు ఒకసారి బిగించు. స్కోప్ ఉంటే అది వెనకకు జారుతున్నదా చూడు, మౌంట్ ముందట గుర్తు గీసుకో.

మూడోది, గొట్టంల కుట్టు మిషన్ నూనె పోసినవా?

పెల్లెట్_రామప్ప
పోసిన. తుప్పు పట్టొద్దని. అప్పటి సంది పొగ వస్తున్నది, శబ్దం కూడా పెరిగింది. పవర్ పెరిగిందనుకున్న.

బోల్ట్_అండ్_బ్యారెల్
అదే. పిస్టన్ ఒత్తిడికి గాలి వేడెక్కి ఆ నూనె లోపల అంటుకుంటున్నది. ప్రతి పెల్లెట్ వేరే వేగంతోని పోతది, గ్రూపు పైకి కిందికి సాగుతది. పిస్టన్ సీలు కూడా మాడుతది. గొట్టంల పొడి గుడ్డ ముక్కలు తెల్లగ వచ్చేదాక లాగు. తర్వాత ఓ 50 పెల్లెట్లు కొట్టు, పొగ ఆగుతది. ఆగకపోతే విప్పి కడగాలె. ఇకముందు నూనె గొట్టం బయటికే, గుడ్డతోని తుడిచినట్టు. ఖాళీగ ఎప్పుడూ కొట్టకు, ముందట పెల్లెట్ లేకపోతే పిస్టన్ ఆపే గాలి దిండు ఉండదు, ఇనుము ఇనుముకు తాకుతది.

నిబంధనల_పుస్తకం
వేట గురి సరదా కావాలంటే సిల్హౌట్ ఆట ఉంది. .22కు కోడి 40 మీటర్లు, పంది 60, టర్కీ 77, పొట్టేలు 100 మీటర్ల దగ్గర, అసలు సైజులో ఐదో వంతు ఇనుప బొమ్మలు. నిలబడే కొట్టాలి, పడితేనే లెక్క. ఎయిర్ రైఫిల్‌కు పదో వంతు బొమ్మలు 20, 30, 36, 45 గజాల దగ్గర. అసలు .22 కొట్టి చూడాలంటే ఎన్‌సీసీ, లేదా రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వంతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి రేంజ్. లైసెన్సు దరఖాస్తు వరంగల్ కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే.

కాజీపేట_జంక్షన్
బొమ్మలు నూనె డబ్బా రేకుతోని కోయొచ్చా?

బోల్ట్_అండ్_బ్యారెల్
ఎయిర్ గన్‌కు కోయొచ్చు. 15 కిలోల నూనె డబ్బా రేకు రెండు పొరలు మడిచి కోస్తే పెల్లెట్‌కు పొక్క పడదు, సొట్ట పడ్తది. చెవులపిల్లి బొమ్మ కోసి, తల కాడ రెండు రూపాయల బిళ్ళంత రంధ్రం చేసి, వెనక కదిలే చిన్న రేకు పెట్టు. రంధ్రంల నుంచి పోయి వెనక రేకుకు తగిల్తేనే బొమ్మ పడాలె, బొమ్మకు తగిలితే తప్పినట్టు. వెనకాల యూరియా సంచిల పాత బట్టలు గట్టిగ కుక్కి, దాని వెనక గోడ. 20 గజాల లోపల రేకు మీద కొట్టేటప్పుడు కండ్లద్దాలు పెట్టుకో, సీసం పెంకులు వెనకకు వస్తయి. అయిపోయినంక చేతులు సబ్బుతోని కడగాలె, పెల్లెట్లు నోట్ల పెట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానాలె.

పెల్లెట్_రామప్ప
గుడ్డ ముక్కలు లాగిన. మొదటి ఏడు నల్లగ, ఎనిమిదోది పసుపు. అరచేయి తెరిచి కొడితే పది పెల్లెట్లల్ల ఎనిమిది టీ గ్లాసు మూతంత జాగల పడ్డయి. ఇంకా కొంచెం పొగ ఉన్నది.

బోల్ట్_అండ్_బ్యారెల్
ఇంకో నలభై కొట్టు, పోతది. ఆ తప్పిన రెండు పెల్లెట్ల అడుగు అంచు వంకర ఉన్నదేమో చూడు. డబ్బాల నుంచి వేళ్లతోని ఏరేటప్పుడే నలుగుతయి. చెంచాతోని తీసి గుడ్డ మీద పరిచి, గుండ్రంగ ఉన్నవి ఒక దిక్కు పెట్టుకో.

హన్మకొండ_పోరడు
బావతోని మాట్లాడిన. వేట లైసెన్సు ఆగస్టు 31తోని అయిపోతదట, రెన్యువల్ పెట్టిండు. రైఫిల్ బోల్ట్ యాక్షన్ చూస్తున్నడు. గొట్టం ముందట నుంచి కడగాలెనా, వెనక నుంచా అని అడిగిండు.

రిమ్‌ఫైర్_కాకా
వెనక నుంచి. బోల్ట్ తీసి, రాడ్డుకు గైడ్ పెట్టి, ఒక్క దిక్కే తోసి, గుడ్డ ముందట రాలినంక రాడ్డు వెనకకు గుంజాలె. ముందట నుంచి తోస్తే రాడ్డు గొట్టం మూతిని రాస్తది, గుండు చివరగ వదిలే అంచు అదే, అక్కడ వెంట్రుకంత గీత పడినా గ్రూపు పోతది. రోజూ కడగొద్దు. చాంబర్ రెండు మూడు వందల రౌండ్లకు ఒకసారి, గొట్టం మాత్రం గ్రూపు విచ్చుకుంటేనే. కడిగినంక మొదటి నాలుగైదు రౌండ్లు కాయితం మీద కొట్టి, అవి ఒక్క దగ్గరికి వచ్చినంకనే అడవికి పొమ్మను.